పిట్ట ముట్టని ముద్ద

సిద్దిపేట, భారత్‌నగర్,
జూన్ 12, 2025

వదినకు,

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నిజం చెప్తాను, కోపం తెచ్చుకోకు. నీ గొంతు అచ్చం మీ తమ్ముడి గొంతే. "ఆఁ, చెప్పు" అనే తీరు కూడా ఆయనదే. పదకొండో రోజు అయ్యాక నువ్వు కడెం చేరి ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్క మాట వినపడగానే ఫోన్ నా చేతిలోంచి జారిపడింది. తర్వాత నేను ఎత్తలేదు, నువ్వూ మళ్లీ చెయ్యలేదు.

అవసరం నాది కాబట్టి నేనే ముందు రాస్తున్నాను. పదేళ్లుగా చేపపిల్లల ఫారంలో నీళ్లు పరీక్ష చేసే మనిషివి నువ్వు. ఇక్కడ ఆయన పెంచిన చేపలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి.

జనవరిలో ఆయన పోయేనాటికి గాజు తొట్టిలో మూడు ఆస్కార్ చేపలు, గాజుకు అతుక్కుని పాకురు తినే నల్లది ఒకటి ఉండేవి. మార్చిలో నల్లది పోయింది. ఏప్రిల్‌లో ఒక ఆస్కార్, మొన్న ఇంకొకటి. ఇక మిగిలింది మూడో ఆస్కార్, దొర ఒక్కడే. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి ఏడేళ్లు సాకాడు ఆయన. ఇప్పుడు రెండు చేతులు పట్టేంత ఉన్నాడు. "దొర తిన్నడా" అని అడగనిదే ఆయన కంచం ముందు కూర్చునేవాడు కాదు.

నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉంటున్నాయి. మూత తీస్తే వాసన. నేనేం ఊరుకోలేదు. ప్రతి ఆదివారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లను ఉప్పుతో తోమి, నీళ్లు వడగట్టే స్పాంజిని నల్లా కింద తెల్లబడేదాకా పిండి, కొత్త నీళ్లు నింపుతున్నాను. మూడో రోజుకు మళ్లీ అదే తెలుపు.

ఇంకోటి ఉంది. బడిలో పిల్లలకు దయ్యాల్లేవని చెప్పేదాన్ని, నీకు రాయడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం ఏడు కాగానే దొర ఎడమ మూలకు వస్తాడు. అక్కడ గాజు మీద ఆయన చెయ్యి అచ్చు ఉంది. ఆ రోజు మోటార్ వైండింగ్ దుకాణం నుంచి వచ్చి, వార్నిష్ అంటిన చేత్తో తొట్టి పట్టుకునే కూలబడ్డాడు కదా, ఆ అచ్చు. మొదట్లో తుడిచాను, పోలేదు. తర్వాత తుడవబుద్ధి కాలేదు. దొర ఆ అరచేతి ముందు నిలబడి తలుపు వైపు చూస్తాడు. అదే సమయానికి నాకు గేటు దగ్గర ఆయన బండి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. అత్తమ్మ తల కూడా అటే తిరుగుతుంది. విన్నావా అని నేనడగను, ఆమె చెప్పదు.

దొర కూడా పోతే ఆయన నాకు రెండోసారి పోయినట్టే. వీణ్ని ఎట్లా బతికించాలో చెప్పు వదినా.

ప్రసూన


కడెం,
జూన్ 19

ప్రసూనా,

ఉత్తరాలే మంచిది. నాకూ ఫోన్ మీద పెద్ద ఇష్టం లేదు.

ముందు తిట్లు తిను. నీ శుభ్రమే చేపల్ని చంపుతోంది. చేప విసర్జించినదీ, తినగా మిగిలిన తిండీ నీళ్లలో కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఆ స్పాంజిలో, గులకరాళ్ల మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. విషాన్ని విరగ్గొట్టేవి అవే. నువ్వు వాటిని వారం వారం ఉప్పేసి తోమి, నల్లా నీళ్ల బ్లీచింగ్‌తో చంపి, పైనుంచి తెల్లగా వచ్చిందని సంతోషపడుతున్నావు. టీచరమ్మవు, ఎవర్నైనా అడగొద్దా?

ఇకనుంచి తొట్టి ఖాళీ చెయ్యకు. రెండు రోజులకోసారి పావు వంతు నీళ్లే తీసి, పావు వంతే పొయ్యి. పొయ్యాల్సిన నీళ్లను ఒక రోజు ముందే డ్రమ్ములో పట్టి, బ్లీచింగ్ వాసన పోయేదాకా మూత లేకుండా ఉంచు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండు, మురికిగా ఉన్నా సరే. వారం రోజులు తిండి పూర్తిగా బంద్. ఆ సైజు చేప పస్తుకేమీ చావదు.

బస్సు కార్గోలో చిన్న డబ్బా పంపుతున్నాను. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు వెయ్యి. పసుపు రంగు వస్తే నీళ్లు మంచివి. ఆకుపచ్చగా మారితే విషం. ఎంత పచ్చనో చూసి రాయి.

తమ్ముడు తొట్టి పక్కన తాడు కట్టి ఒక నోట్‌బుక్ వేలాడదీసేవాడు, బాపు ఉన్నప్పుడు చూశాను. ఎన్ని రోజులకు ఎన్ని నీళ్లు మార్చేవాడో అందులో ఉంటుంది. తెరిచి చూడు.

ఏడు గంటల సంగతికి నేను నవ్వలేదు. కానీ అది వాడు తిండి పెట్టే టైము. ఏడేళ్ల అలవాటు చేప మర్చిపోదు. బండి చప్పుడు సంగతి నాకు తెలియదు.

అమ్మ బీపీ గోళీలు వేసుకుంటోందా?

వందన


సిద్దిపేట,
జూలై 3

వదినా,

డబ్బా అందింది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. డ్రమ్ములో నీళ్లు పెట్టాను, పావు వంతే మారుస్తున్నాను, స్పాంజిని ఆ మురికి నీళ్లలోనే పిండుతున్నాను. తిండి కూడా బంద్ చేశాను. పది రోజులైంది.

అయినా గొట్టంలో నీళ్లు పసుపు కావడం లేదు. నిన్న చుక్కలేస్తే వేపాకు రంగు వచ్చింది. దొర పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు, రెక్కలు ఒంటికి ముడుచుకున్నాడు. ఒక కంటి మీద పొర వచ్చింది.

పొద్దున లేచి చూస్తే తొట్టి అడుగున తెల్లగా ఏదో కరిగి ఉంటుంది. తీసేస్తాను. బడి నుంచి వచ్చేసరికి మళ్లీ ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాదు. నీళ్లే దాన్ని కంటున్నాయా అనిపిస్తుంది.

అత్తమ్మ పొద్దంతా తొట్టి పక్కనే పీట వేసుకుని ఉంటుంది. మొన్న నేను తలుపు తీసేసరికి ఏదో మాట్లాడుతూ ఉంది. "ఎవలతోని ముచ్చట వెట్టినవత్తమ్మా" అంటే, "ఎవలతోని లేదు బిడ్డా, నీళ్ల సప్పుడు" అంది. గోళీలు వేసుకుంటోంది. అన్నమే సరిగ్గా తినడం లేదు.

నోట్‌బుక్ తెరవలేదు. ఆయన అక్షరాలు చూస్తే నేను ఆ రోజు బడికి పోలేను. అది అడగకు.

ప్రసూన


కడెం,
జూలై 11

ప్రసూనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క చేప, పది రోజులు పస్తు, రెండు రోజులకోసారి నీళ్ల మార్పు. ఇంత చేశాక వేపాకు రంగు రానే రాదు. పదేళ్లలో నేనట్లా చూడలేదు.

అడుగున కరిగే తెల్లటిది నీళ్లు కనలేదు. అది అన్నం. ఎవరో తొట్టిలో అన్నం వేస్తున్నారు.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు. నువ్వు బంద్ చేశానంటున్నావు. ఒక పూట బడికి సెలవు పెట్టి అమ్మను చూడు. అరవకు. ఆమె ఏం చెప్తే అది నాకు రాయి, ఏదీ దాచకు.

వందన


సిద్దిపేట,
జూలై 24

వదినా,

దాచొద్దన్నావు. అన్నీ రాస్తాను.

సోమవారం బడికి పోతున్నానని బయల్దేరి, గంటలో తిరిగి వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. దొంగలా అనిపించింది. అత్తమ్మ కంచంలో అన్నం, పప్పు కలిపింది. మొదటి ముద్ద తను తినలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, తొట్టి మూత పక్కకు జరిపి, ఆ ముద్దను నీళ్లలోకి వదిలింది. "తిను బిడ్డా, వేడి మీదుంది" అంది. దొర సగం మింగి సగం ఊశాడు. మిగిలింది అడుగుకు పోయింది. ఆమె వచ్చి ఖాళీ కంచం ముందు కూర్చున్నట్టు కూర్చుంది, తినలేదు.

నేను లోపలికి వెళ్లాను. ఆమె జడుసుకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తానని తెలిసినట్టే చూసింది.

"మూడొద్దుల నాడు పిట్టకు వెట్టినం, యాదికుందా? ముట్టలే. పొద్దు నడినెత్తికొచ్చినా ముట్టలే. ఇగ నీళ్లల్ల కలుపున్రి అన్నరు పెద్దలు. నేనొక్క పిడికెడు కొంగుల ముడేసుకొచ్చి గీ తొట్లెనే ఏసిన. గీడు గుటుక్కున మింగిండు. నా కొడుకు తిన్నడనుకున్న. గప్పటి సంది దినాం ఒక్క ముద్ద. పిట్టకు కానిది చేపకైంది. ఇప్పుడు వద్దంటే ఎట్ల? వాని కడుపు మాడ్సాల్నా?"

ఆ ముద్దే విషమవుతోందని చెప్పాను. నీ కొడుకు పెంచిన చేప నీ అన్నంతోనే చస్తోందని చెప్పాను. ఆమె తొట్టి వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్కడితో ఆపి ఉత్తరం ముగించొచ్చు. కానీ తప్పంతా ముసలామె మీద వేసి చేతులు దులుపుకుంటే రేపు నీ ముఖం చూడలేను. తిండి బంద్ చేశానని నీకు రాసింది అబద్ధం వదినా. ఏడు గంటలకు దొర ఆ అరచేతి ముందుకొచ్చి తలుపు వైపు చూస్తే నా ప్రాణం ఆగదు. ఇంటికొచ్చిన మనిషిని పస్తుంచినట్టు ఉంటుంది. అత్తమ్మ పూజ దగ్గర ఉన్నప్పుడు ఉడికిన గుడ్డు ముక్కో, ఆదివారమైతే కూరలో ముక్కో కడిగి వేసేదాన్ని. ఒకరికి తెలియకుండా ఒకరం, ఇద్దరం కలిసి పోయిన మనిషికి రెండు పూటలా వడ్డించాం. ఆయన మీద ప్రేమతోనే మూడు చేపల్ని చంపాం.

ఇది కూడా అత్తమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "గుడ్డు వానికి ఇష్టమే" అంది.

ఇప్పుడు తొట్టి మూత మీద పెద్ద నిఘంటువు బరువు పెట్టాను. ఇద్దరం వెయ్యమని ఒట్టేసుకున్నాం. కానీ అత్తమ్మ ఒట్టుకు పెద్దల అమావాస్య దాకానే గడువు పెట్టింది. "ఏడాది నిండకున్నా సరే, పెత్రమాస నాడు డాబ మీద ఆకు వెడ్త. పిట్ట ముడితే మల్ల తొట్లె ముద్దెయ్య. ముట్టకపోతే మాత్రం నన్ను ఆపకు" అంది. ఆపకపోతే దొర నెల రోజులు బతకడు.

ఇంకో మాట కూడా అంది, నీకు రాయమంది. ఆ మూడో రోజు పిట్ట రాకపోతే అందరం ఆయనకు తలా ఒక మాట ఇచ్చాం. అమ్మను చూసుకుంటానని నేనన్నాను. దుకాణం మూయనని ఆయన పార్ట్‌నర్ అన్నాడు. ఆడవాళ్లంతా నీ వైపు తిరిగారు. నువ్వు నోరు తెరవలేదు. "వాడు దాని మాట కోసమే ఆగిండు. వందనకు రాయి, పెత్రమాసకు రమ్మను" అంది.

వస్తావా?

ప్రసూన


కడెం,
సెప్టెంబర్ 10

ప్రసూనా,

జవాబు రాయడానికి ఏడు వారాలు పట్టింది. ఫారంలో పని ఎక్కువైందని రాద్దామనుకున్నాను. నువ్వు నిజం రాశాక నేను అబద్ధం రాస్తే బాగుండదు.

దాదాపు మూడేళ్ల కింద బాపు పోయినప్పుడు తమ్ముడు నాకు ఆ రాత్రి చెప్పలేదు. తెల్లారాక చెప్పాడు. నేను చేరేసరికి చితి సగం కాలింది. బాపు ముఖం చూడనివ్వలేదని ఆ రోజు నుంచి వాడితో మాట మానేశాను. ఇది నీకు తెలుసు.

నీకు తెలియంది చెప్తాను. వాడు చనిపోయిన ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి నా ఫోన్ మోగింది. తెర మీద "తమ్ముడు" అని పేరు. రెండేళ్లలో మొదటిసారి. నేను ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాను. మళ్లీ మోగింది. మళ్లీ. మూడుసార్లు. ఆ బల్ల అదిరిన చప్పుడు ఇంకా నా చేతుల్లో ఉంది. రాత్రికి కబురు వచ్చింది.

ఫోన్ అంటే ఇష్టం లేదని నీకు రాశాను. నిజానికి ఎవరు ఫోన్ చేసినా నాకు ఆ మూడే మోగుతున్నాయి. నీకు బండి చప్పుడు, నాకిది. ఏం చెప్పాలని చేశాడో, తిట్టాలనో, గుండెలో నొప్పిగా ఉందనో, నాకు ఈ జన్మకు తెలియదు. మూడో రోజు అందరూ నా వైపు చూసినప్పుడు "క్షమించాను" అని ఎట్లా అనను? ఫోన్ ఎత్తనిది నేను. క్షమించాల్సింది వాడు.

నేను రాలేను. ఆ చెయ్యి అచ్చు ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. నా మాట కింద రాస్తున్నాను. ఆకు పెట్టినప్పుడు చదువు. నువ్వు చదవలేకపోతే కాగితం ఆకు పక్కన పెట్టు, చాలు.

తమ్మీ, నేను అక్కను. ఆడమనిషి ఒక్కతె రాత్రి బస్సెక్కి ఏడ్సుకుంట రావద్దనే నువ్వు పొద్దుగాల చెప్పినవని నాకు అప్పుడే తెల్సు. తెల్సి కూడ అలిగిన. అలిగి ఉండుడు అలవాటయింది, ఇడ్సిపెట్ట బుద్ధి కాలే. నువ్వు మూడుసార్లు ఫోన్ జేసినవు. నాలుగోసారి జేస్తే ఎత్తుదామనుకున్న, ఒట్టు. నువ్వు జెయ్యలే. నీకు నా మీద కోపముంటే నాతోనే తీర్సుకో. అమ్మను పస్తులుంచకు. ఆ పిల్లను ఇంట్ల దడిపియ్యకు. నాకు నీ మీద ఏం లేదు తమ్మీ, అంత అయిపోయింది. ఒచ్చి ఇంత తిను.

వందన


సిద్దిపేట,
సెప్టెంబర్ 22

వదినా,

ముందు నీళ్ల సంగతి. నిన్న పొద్దున చుక్కలేశాను. పసుపు. ఆకుపచ్చ జాడ కూడా లేదు. తొట్టి అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటి లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. దొర కంటి మీద పొర విడిపోయింది. రోజుకు నాలుగు చిన్న గోళీల చేపమేత తప్ప ఇంకేమీ వెయ్యడం లేదు.

నిన్న పెత్రమాస. కింద వీధిలో అందరూ ఎంగిలిపూల బతుకమ్మకు గునుగు, తంగేడు తెచ్చుకుంటున్నారు. మా ఇంట్లో ఈ ఏడు పూలు లేవు కదా. పొద్దున్నే వండి, పదకొండింటికి డాబా మీద ఆకు పెట్టాం. అన్నం, పప్పు, గారెలు, ఒక ఉడికిన గుడ్డు. గుడ్డు అత్తమ్మే పెట్టింది.

పక్కింటి నీళ్ల ట్యాంకు మీద రెండు కాకులు కూర్చుని ఉన్నాయి. చూస్తున్నాయి, రావడం లేదు. అచ్చం ఆ మూడో రోజు లాగానే. పన్నెండు దాటింది. అత్తమ్మ పెదవులు ఎండిపోయాయి. నీ ఉత్తరం తీశాను. మడత విప్పి పట్టుకున్నాను. "సదువు బిడ్డా, నేనింట, వాడింటడు" అంది. చదివాను. చివరి మాట దాకా చదివాను. అత్తమ్మ ఏడ్వలేదు. "ఫోన్ ఎత్తలేదా ఇది" అని మాత్రం మెల్లగా అంది. కాకులు కదల్లేదు.

అప్పుడు నాకేమైందో తెలియదు, కిందికి పరుగెత్తి తాడు తెంపి ఆ నోట్‌బుక్ పైకి తెచ్చాను. ఏం చెప్పాలని ఫోన్ చేశాడన్న నీ ప్రశ్నకు జవాబు ఇంకెవరి దగ్గరా లేదు. ఎనిమిది నెలలు నేను తెరవనిది డాబా మీద తెరిచాను. అన్నీ నీళ్ల లెక్కలే, తేదీలే. చివరి పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"18, శనివారం. పావు వంతు నీళ్లు మార్చిన. దొర మంచిగున్నడు. అక్కకు ఫోన్ జెయ్యాలె. దొరకు పానం బాగలేదని చెప్పాలె. ఒట్టిదే గని, చేప ముచ్చటైతే ఫోన్ పెట్టెయ్యదు."

దాని కింద, ఇంటికొచ్చాక రాసినట్టుంది, వార్నిష్ బొటనవేలి మరక పక్కన:

"మూడుసార్లు జేసిన. పనిల ఉన్నట్టుంది. రేపు ఐతారం, ఇంట్ల ఉంటది. మళ్ల జేస్త."

అంతే వదినా. తిట్టడానికి కాదు, నొప్పి అని చెప్పడానికీ కాదు. నీతో మాట్లాడటానికి సాకు వెతుక్కున్నాడు, చేపకు లేని జబ్బు అంటగట్టాడు. నేను గట్టిగా చదివాను. అత్తమ్మ నోట్‌బుక్ తీసుకుని ఆ మరక మీద తన వేలు పెట్టింది. అక్షరాలు రాని మనిషి, పేజీ అంతా వేలితో తడిమింది. ఇద్దరం ఎంతసేపు తల వంచుకుని ఉన్నామో తెలియదు.

తలెత్తి చూస్తే ఆకులో గుడ్డు లేదు. ట్యాంకు మీద కాకులూ లేవు. ఎప్పుడు వచ్చిందో, ఏది ఎత్తుకుపోయిందో మేమిద్దరం చూడలేదు. అత్తమ్మ ఆకు మడిచి లేచింది. కిందికి వచ్చి తొట్టి మూత మీది నిఘంటువు తీసి నా చేతికిచ్చింది. "ఇగ బరువెందుకు" అంది. మధ్యాహ్నం మొదటి ముద్ద తనే తిన్నది.

సాయంత్రం ఏడింటికి దొర ఆ మూలకు వచ్చాడు. బండి చప్పుడు వినపడలేదు. వినపడనందుకు నాకు ఏడుపొచ్చింది, నవ్వకు.

ఇక నీ సంగతి. ఆయన ఫోన్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, రోజూ చార్జింగ్ పెడుతున్నాను. ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు చేరుతుంది. వచ్చే ఐతారం సాయంత్రం ఏడు గంటలకు నీ తెర మీద "తమ్ముడు" అని వస్తుంది. భయపడకు, చేసేది నేను. పక్కన అత్తమ్మ ఉంటుంది. నువ్వు "ఆఁ, చెప్పు" అంటావు. ఈసారి నేను ఫోన్ జారవిడవను. దొరకు బాగానే ఉందని చెప్తాను.

నాలుగోసారి చేస్తే ఎత్తుదామనుకున్నానని రాశావు. ఇది నాలుగోది.

ప్రసూన